చీమ కుట్టింది తెలుస్తూనే ఉంది

డిండోలి, సూరత్
దీపావళి ముందు ఆదివారం

సుమన వదినెకు నీ మరిది వరప్రసాద్ దండాలు.

ఫోన్ ఉండగా ఉత్తరమేందని నవ్వకు. ఫోన్ లేదు, గోడకేసి కొట్టాను. ఎందుకు కొట్టానో నీకు తెలిసే ఉంటుంది. ఆ వీడియో కరీంనగర్ దాకా రాకుండా ఉంటుందా? నువ్వు కూడా చూసి నవ్వి ఉంటే ఇక్కడితో చదవడం ఆపెయ్.

జరిగింది ఇది. ఇక్కడ చండీ పడ్వో అని ఘారీలు తినే పండుగ ఒకటుంది. ఘారీ అంటే నెయ్యిలో ముంచి తీసిన కోవా బూరె అనుకో. ఆ రోజు సేటు మా ఖాతాలో, అంటే మేం గుడ్డ నేసే సాంచాల షెడ్డులో, అందరికీ ఘారీ డబ్బాలు పంచాడు. పొద్దంతా పడుగు చుట్టిన ఇనుప బీములు మోసి ఉన్నాను. ఆకలి మీద నాలుగు ఘారీలు తిని గుడ్డ తాన్ల మీద ఒరిగాను. తెల్లారి మెలకువ వచ్చింది. కళ్లు తెరుచుకున్నాయి, నోరు తెరుచుకుంది, కాళ్లు మాత్రం కదలలేదు. నా కాళ్లే. నా ముందే ఉన్నాయి. లేవమంటున్నాను. ఎవరి కాళ్లో తెచ్చి నా నడుముకు కట్టి పోయినట్టు పడి ఉన్నాయి.

సాంచాల మీద పెత్తనం చేసే కనకయ్య మాస్టర్ వచ్చి తన్నినంత పని చేశాడు.

"లే బే, షిఫ్టు మారింది."

"కాళ్లు వస్తలేవు మాస్టర్."

"యాడికి వోయినయ్? ఊరికి వోదామని ఉధ్నా టేషన్ల కూసున్నయా?"

అందరూ నవ్వారు. నా పక్క సాంచా గోపాల్ గాడు ఎక్కడి నుంచో ఖాళీ సీసా తెచ్చి నా చంకలో పెట్టి వీడియో తీశాడు. గుజరాత్‌లో దారూ బంద్ అని, తాగి దొరికితే పోలీసు కేసని వాడికి తెలియదా? తెలుసు. తెలిసే తీశాడు.

అప్పుడే ఎడమ పాదం మీద చీమ కుట్టింది. సుర్రుమంది వదినె. తాగి పడ్డవాడికి చీమ కుట్టింది తెలుస్తుందా? నాకు తెలుస్తూనే ఉంది, కాలు మాత్రం గుంజుకోలేకపోయాను. నాకున్న ఒక్క సాక్షి ఆ చీమ. దాన్ని ఎవరు అడుగుతారు?

మధ్యాహ్నానికి కాళ్లు వాటంతట అవే వచ్చాయి. "నిషా దిగింది" అన్నారు. సేటు మాట ఏందంటే, షిఫ్టు మారే వేళ అందరి ముందు చేతులు జోడించి "తాగిన, తప్పయింది" అనాలి. అంటే పని ఇస్తాడు. అనకపోతే మా ఖాతాలోనే కాదు, ఈ గల్లీలో ఏ ఖాతాలోనూ నన్ను సాంచా ముట్టనివ్వరు. మా బాపు కూడా "అను, అయిపోతది" అంటున్నాడు. చిన్నప్పుడు అబద్ధమాడితే వీపు పగలగొట్టిన సోమలింగం, ఇప్పుడు అబద్ధమాడమని బతిమాలుతున్నాడు.

నేను అనను. ఆకలితో చస్తాను గానీ అనను.

నువ్వు దవాఖానా ల్యాబులో రక్తాలు చూస్తావు కదా. నేను తాగలేదని చెప్పే రక్తం ఏదైనా ఉంటే చెప్పు.

వరప్రసాద్


కరీంనగర్

మరిది వరప్రసాద్‌కు,

వీడియో చూశాను. నవ్వలేదు. పంపినవాణ్ని తిట్టాను, వాడు మా చిన్నాన్న కొడుకే, దసరాకు కొత్త బట్టలు పెట్టి వచ్చాను కూడా, వాపసు తెచ్చుకుందామని ఉంది.

నోరు తెరిస్తే "ఏందే వదినె" అనేవాడివి, కలం పట్టగానే ఎక్కడి సారువో అయిపోయావు. ఎనిమిదిలో బడి మానినవాడి ఉత్తరంలా లేదు.

ఇక అసలు సంగతి. నీ చీమ మంచి సాక్షే. స్పర్శ తెలుస్తుంది, తెలివి ఉంది, మాట ఉంది, కండ మాత్రం పనిచేయలేదు. ఇది తాగిన లక్షణం కాదు. మా ల్యాబు పెద్ద మేడమ్‌ను అడిగాను. ఆమె తిరిగి నాలుగు ప్రశ్నలు వేసింది. బాగా కష్టపడి, ఆ తర్వాత పడుకున్నాకే ఇట్లా అవుతుందా? తీపి, అన్నం దండిగా తిన్న రోజే అవుతుందా? ఇంతకుముందు అయిందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? వీటికి జవాబు రాయి. చివరి దానికి మామను అడిగి రాయి.

ఈలోగా రక్తంలో సోడియం, పొటాషియం ఎంతున్నాయో పరీక్ష చేయించు. నేను డాక్టర్ను కాదు. అయినా నువ్వు అబద్ధం చెప్తే నాకు తెలుస్తుంది, చిన్నప్పటి నుంచి నీకు అబద్ధం చెప్పడం రాదు, చెవులు ఎర్రబడతాయి.

సుమన


డిండోలి

వదినెకు,

కలం పడితే చారి సారు తెలుగే వస్తుంది, నేనేం చేయను. ఆయన బెత్తం అట్లాంటిది.

నీ పరీక్ష చేయించాను. అన్నీ నార్మల్. కాగితం పట్టుకుని ఖాతాకు పోయాను, బుద్ధి లేక. కనకయ్య మాస్టర్ అది అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంత మంచిగనే ఉన్నదట గదరా. రోగం లేదని నువ్వే సర్టిఫికెట్ తెచ్చినవ్. మరి ఆనాడు ఏమయింది? దయ్యం వట్టిందా?"

నీ పొటాషియం నన్ను తాగుబోతుతో పాటు దొంగను కూడా చేసింది. సంతోషమా?

నీ ప్రశ్నలకు జవాబు. అవును, కష్టపడి పడుకున్నాకే. అవును, తిండి ఎక్కువైన రోజే. ఇంతకుముందు చిన్న చిన్నగా అయింది, కాళ్లు బరువెక్కి గంటలో పోయేది, ఎవరికీ చెప్పలేదు. మొన్న మళ్లీ అయింది. ఇప్పుడు సలాబత్‌పురా మార్కెట్లో బట్టల మూటలు మోస్తున్నాను. ఒకరోజు మోసీ మోసీ వచ్చి, అమ్మ చేసిన పరమాన్నం తిని పడుకున్నాను. తెల్లారి కాళ్లు మళ్లీ పోయాయి. అమ్మ మా గల్లీ డాక్టర్ను పిలిచింది. ఆయన అందరికీ ఎక్కించినట్టే గ్లూకోజు సీసా ఎక్కించాడు. "కమ్‌జోరీ హై, తాకత్ ఆయేగీ" అన్నాడు, నీరసమే, బలం వస్తుందని. తాకత్ కాదు, అప్పటిదాకా కాస్త లేస్తున్న చేతులు కూడా పడిపోయాయి. పొద్దు గూకేదాకా తేరుకోలేదు. పెద్ద సీసా పెట్టాల్సిందని అమ్మ బాధ.

బాపును అడిగాను. "మన ఇంట్ల ఎవ్వలకు లేదు" అన్నాడు, నా ముఖం చూడకుండా. ఒకటి చెప్పనా, నార్మల్ అన్న కాగితం చూసి నాకు ఏడుపొచ్చింది, ఆయనకు ఊపిరి వచ్చింది. "సూసినవా, ఏం లేదు. వొయ్యి తాగిన అని చెప్పు. తాగుబోతు అంటే నాల్గు దినాలు నవ్వుతరు. రోగం అంటే బతికినన్నాళ్లు పని ఇయ్యరు."

తండ్రి అట్లా అంటే ఎవరికి చెప్పుకోవాలె వదినె?

వరప్రసాద్


కరీంనగర్

వరం,

గ్లూకోజు సీసా అని చదివి లేచి నిలబడ్డాను. ముందు ఇది చదువు, అమ్మకు చదివి వినిపించు: నీకు కాళ్లు పడిపోయినప్పుడు గ్లూకోజు ఎక్కించకూడదు. చక్కెర నీళ్లు కూడా ఇవ్వకూడదు. ఎందుకో చెప్తా, ఓపిగ్గా విను.

నీ కండ అంటే సన్నటి పోగుల కట్ట. ఒక్కో పోగు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. మధ్యలో పల్చటి పొర, దానికి తలుపులు. నరం నుంచి "లే" అని కబురు రాగానే సోడియం తలుపులు తెరుచుకుని, అది లోపలికి దూకుతుంది. ఆ దూకుడే కరెంటు. ఆ కరెంటు పోగు పొడవునా పరుగెత్తి, లోపల దాచిపెట్టిన కాల్షియాన్ని వదిలిస్తుంది. కాల్షియం వచ్చి పట్టేస్తేనే కండ బిగుస్తుంది, కాలు లేస్తుంది. తర్వాత పొటాషియం బయటికి వచ్చి, పొరను మళ్లీ సిద్ధం చేస్తుంది. నువ్వు ఒక్క అడుగు వేయడానికి ఇంత నడుస్తుంది లోపల.

తీపి తింటే ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది. అది రక్తంలోని పొటాషియాన్ని కండల్లోకి తోసేస్తుంది. నాకు అట్లా అయితే ఏమీ కాదు. కొందరికి పుట్టుకతోనే ఆ తలుపుల్లో ఏదో ఒకటి సరిగ్గా మూసుకోదు. అట్లాంటివాళ్లకు రక్తంలో పొటాషియం పడిపోతే సోడియం తలుపులు బిగుసుకుపోతాయి. ఇక నరం ఎంత పిలిచినా కరెంటు పుట్టదు, కాల్షియం కదలదు. నీ సాంచా మీద ఒక్క పడుగు పోగు తెగితే చిన్న రేకు జారి సాంచా ఆగిపోతుంది కదా. మోటారు మంచిదే, కరెంటు ఉంది, మనిషి ఉన్నాడు. అయినా నడవదు. తెగిన పోగు ఎక్కడుందో చూడకుండా సాంచాను తన్నితే ఏం లాభం? గ్లూకోజు పెట్టడం అంటే అదే, తన్నడం. ఉన్న కాస్త పొటాషియాన్ని కూడా లోపలికి తోసేయడం.

కాళ్లు వచ్చేశాక పొటాషియం కూడా రక్తంలోకి తిరిగి వచ్చేస్తుంది. అందుకే నీ కాగితం నార్మల్. పడి ఉన్నప్పుడే రక్తం తీయాలి. ముందే రాయాల్సింది, నాకూ అప్పుడు తెలియదు. తిట్టుకో.

దీనికి మందుంది. పొటాషియం నోటితో ఇస్తారు, గంటల్లో లేస్తారు. ఇది రక్తంలో వచ్చేది, తండ్రి నుంచో తల్లి నుంచో.

ఇక్కడ ఆగుదామనుకున్నాను. మా అమ్మ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేసిన మాట చెప్పను, ఒక్కటి మాత్రం అడుగుతా. సూరత్ ఎండల్లో కూడా మామ లుంగీ కట్టగా ఎప్పుడైనా చూశావా? ఆయన పిక్కలు ఎప్పుడైనా చూశావా?

సుమన


డిండోలి

వదినెకు,

చూడలేదు. పుట్టి ఇరవై ఒక్క ఏళ్లయింది, మా బాపు పిక్కలు నేను చూడలేదు. పడుకున్నా ప్యాంటే. సాంచా పట్టా తగిలి కాలిన మచ్చలని అమ్మకు చెప్పాడట, పెళ్లయిన కొత్తలో.

ఆదివారం అందరం ఉండగా అడిగాను.

"బాపూ, ప్యాంటు పైకి గుంజు."

"ఎందుకు?"

"కాళ్లు సూస్త."

"నా కాళ్లల్ల ఏమున్నది, నీ అత్తగారి సొమ్మున్నదా?"

"పిలగాడు అడుగుతుండు గద, సూపియ్యరాదు," అంది అమ్మ.

"వజ్రమ్మా, నువ్వు నడుమ రాకు! ఎవలు చెప్పిన్రు వీనికి? ఆ భాగీరథి చెప్పిందా? దాని నోట్ల మన్నువడ, తోడవుట్టింది గాదది!" అని మీ అమ్మను తిట్టి, చేతిలోని చాయ్ గిలాస విసిరాడు. నా మీదికి కాదు, గోడకు. మా ఇంట్లో ఆ గోడకే అన్నీ తగులుతాయి.

నాకు కావాల్సిన జవాబు వచ్చేసింది. ఆయన చూపించడు. సరే. నా కాళ్లు నా దగ్గరే ఉన్నాయి. నా ఉపాయం విను. అర డజను ఘారీలు కొంటాను. పొద్దంతా మూటలు మోస్తాను. రాత్రి అవన్నీ తిని, ఖాతా గేటు ముందే పడుకుంటాను. తెల్లారి పడిపోతాను కదా, అక్కడి నుంచి దవాఖానాకు మోయమంటాను, కనకయ్య మాస్టర్నే మోయమంటాను. రక్తం తీయనీ. చూద్దాం ఎవడు నవ్వుతాడో.

వరప్రసాద్


కరీంనగర్

వరప్రసాద్,

ఆ పని చేస్తే నేను నీకు వదినెను కాదు, నువ్వు నాకు మరిదివి కాదు.

గుండె కూడా కండే. దానికీ ఇదే కరెంటు. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. అప్పుడు గోపాల్ తీసే వీడియోలో నువ్వు లేవవు. నీ మాట నెగ్గడానికి నువ్వు ఉండాలి కదరా పిచ్చోడా.

దానంతట అది వచ్చినప్పుడు సర్కారు దవాఖానాకు పో. "పడి ఉన్నాను, ఇప్పుడే పొటాషియం చూడండి, గ్లూకోజు వద్దు" అను. ఈ ముక్క కంఠతా పెట్టు. నోరు పడిపోదు కదా నీకు, ఎప్పుడూ.

సుమన


సూరత్, సర్కారు దవాఖానా మంచం మీద నుంచి

వదినెకు,

నేను కావాలని చేయలేదు. ముందే చెప్తున్నా. మా అమ్మ తమ్ముడి కొడుకు పెళ్లి. అప్పటికే మార్కెట్లో సీజను, మూటలు మోసీ మోసీ ఉన్నాను. పెళ్లిలో అన్నం తిన్నాను, జిలేబీలు రెండే తిన్నాను. మూడోది చేతిలోకి తీసుకుని నువ్వు గుర్తొచ్చి మళ్లీ పళ్లెంలో పెట్టాను. నా చెవులు ఎర్రబడలేదు, కావాలంటే అమ్మను అడుగు.

తెల్లారి కాళ్లూ చేతులూ రెండూ లేవు. మెడ కూడా సగమే. అమ్మ ఏడుస్తూ గల్లీ డాక్టర్ను పిలిచింది. ఆయన వచ్చీ రాగానే గోడ మేకుకు సీసా తగిలించాడు.

"గ్లూకోజు వద్దు! దవాఖానాకు తీస్కపొండ్రి! గ్లూకోజు వద్దు!" అని నీ ముక్క అరిచాను.

"దిమాగ్ పే చఢ్ గయా హై," అన్నాడు ఆయన, రోగం నా తలకెక్కిందన్నట్టు, నా చేయి రుద్ది నరం వెతుకుతూ.

"జర ఓర్సుకో బిడ్డా, తాకత్ వస్తది," అంది అమ్మ.

సూది కనపడుతోంది వదినె. వచ్చేది చూస్తున్నాను, చేయి గుంజుకోలేను. ఆ భయం నీకు రాతలో చెప్పలేను. అప్పటిదాకా గడప దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ బాపు ఒక్కసారి లోపలికి వచ్చాడు. మేకు మీది సీసా తీసి డాక్టర్ చేతిలో పెట్టాడు.

"వద్దంటుండు గద. పిలగాడు మాట్లాడుతుండు, ఇనవడ్తలేదా నీకు?"

"అరే సోమలింగం భాయ్..."

"భాయ్ లేదు గియ్ లేదు. హటో!"

నన్ను వీపున వేసుకుని మెట్లు దిగాడు. నా చేతులు ఆయన మెడను పట్టుకోలేవు కదా, అమ్మ వెనక నుంచి పట్టుకుంది. ఆటో దాకా ఆయన ఒక్కటే మాట అంటున్నాడు, "నోరు మూయకు బిడ్డా, మాట్లాడుకుంట ఉండు."

దవాఖానాలో చిన్న వయసు డాక్టరమ్మ. నీ ముక్క చెప్పాను. ఆమె నవ్వలేదు. గుండెకు తీగలు పెట్టింది, రక్తం తీసింది. పొటాషియం ఒకటి పాయింట్ తొమ్మిది వచ్చింది. మూడున్నర పైన ఉండాలట. వెంటనే ఏదో నీళ్లు తాగించారు, తుప్పు పట్టిన ఇనుము నాకినట్టుంది.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని, నువ్వడిగిందే డాక్టరమ్మ బాపును అడిగింది. "ఘర్ మే ఔర్ కిసీ కో ఐసా హోతా హై?"

బాపు కుర్చీలో కూర్చుని ప్యాంటు రెండు కాళ్లకూ మోకాళ్ల దాకా మడిచాడు. పిక్కల నిండా అడ్డం అడ్డంగా మచ్చలు, పేక సరిగ్గా పడని గుడ్డ లాగా.

"యే క్యా హై?" అంది ఆమె.

"ఇలాజ్," అన్నాడు బాపు.

వైద్యమట వదినె. బాపు తల్లి, మన వెంకటవ్వ చేయించిన వైద్యం. ఊళ్లో ఈయన తెల్లారి లేవకపోతే పనికి దొంగ అనుకుని, గాలి సోకిందనుకుని, సురుకులు పెట్టించిందట. కొడవలి ఎర్రగా కాల్చి. నీకు ఇది తెలుసు. తెలిసి ఒట్టు పాటించావు. నీ మీద కోపం లేదు.

మధ్యాహ్నం బాపు నా బొటనవేలు గిల్లాడు.

"తెలుస్తుందారా?"

"తెలుస్తుంది బాపూ."

"నాకు గూడ తెలిసేది. సురుకు వెట్టినప్పుడు అంత తెలిసింది. కాలు గుంజుకోరాలే."

ఆ మాట అంటుండగానే నా బొటనవేలు కదిలింది. ఇద్దరం దాన్నే చూశాం.

వరప్రసాద్


కరీంనగర్

వరం,

నీ ఉత్తరం మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె అప్పుడు పదేళ్ల పిల్లట. అన్న కాళ్లు కదలకుండా పట్టుకోమని తనకు చెప్పారట. "కాళ్లు అసలే కదల్లే, వట్టుకునుడు ఎందుకని నాకు అప్పుడే అనిపించింది" అంది. అప్పటి నుంచి వంటింట్లోంచి బయటికి రాలేదు.

చేతులు జోడించకు. మందు మానకు.

సుమన


డిండోలి

వదినెకు,

జోడించలేదు.

దవాఖానా నుంచి వచ్చిన మూడో రోజు, షిఫ్టు మారే వేళ ఖాతాకు పోయాను. బాపు నాతో వస్తానన్నాడు. వద్దంటే వినలేదు. సాంచాలు ఆగాయి. సేటు కుర్చీలో, కనకయ్య మాస్టర్ పక్కన. నేను తప్పు ఒప్పుకోవడానికి వచ్చానని అందరూ దగ్గరికి జరిగారు.

"చెప్పు," అన్నాడు మాస్టర్.

"తాగలే. ఆనాడు తాగలే, ఏనాడు తాగలే. కండలకు పొటాషియం అందక పడిపోయిన. మందు వాడుతున్న. మీరు గావాలంటే పని ఇయ్యిండ్రి, వద్దంటే ఇయ్యకుండ్రి. తప్పయింది అనే మాట నా నోట్ల నుంచి రాదు."

"మళ్ల గదే కత," అన్నాడు మాస్టర్. "నిన్ను జూసి రేపు ఇంకొకడు తాగి పండి పొటాషి అంటడు."

అప్పుడు బాపు ముందుకు వచ్చాడు. వంగి ప్యాంటు మడవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లుగా ఈ గల్లీలో ఆయన పక్కన సాంచాలు నడిపిన వాళ్లంతా ఉన్నారు. అలవాటు చొప్పున గోపాల్ గాడి చేయి ఫోన్ మీదికి పోయింది, మళ్లీ తనే దించుకున్నాడు. బాపు చూశాడు.

"తియ్ బిడ్డా, తియ్. ఎందుకు ఆపినవ్? నా కొడుకును చీకట్ల తీసినవ్, నన్ను ఎలుగుల తియ్. గిటు రా, దగ్గరికి రా. రెండు కాళ్లు వడాలె."

గోపాల్ తీయలేకపోయాడు. ఫోన్ జేబులో పెట్టుకుని "తప్పయింది కాకా" అన్నాడు. చేతులు జోడించి. ఎవరైతే జోడించాలో వాడే జోడించాడు, నాకు కాదు, బాపుకు. అదే సరి.

"నా అవ్వకు తెల్వక కాల్చింది," అన్నాడు బాపు మాస్టర్ వైపు తిరిగి. "నీకు తెలిసినంక గూడ కాలుస్తవా కనకయ్యా?"

సేటుకు తెలుగు రాదు. కానీ కాళ్లు చూశాడు. చూసి, "కల్ సే ఆ జా" అన్నాడు, రేపటి నుంచి రమ్మని. పక్కనున్న మిఠాయి డబ్బా నా ముందుకు జరిపాడు, రాజీ అన్నట్టు. నేను దండం పెట్టి డబ్బా వెనక్కి జరిపాను. అది పొగరనుకున్నాడు. పొగరు కాదు, పథ్యం. సరే, కొంచెం పొగరు కూడా.

రేపటి నుంచి సాంచా ఎక్కుతున్నాను. అమ్మ ఇంట్లోని గ్లూకోజు పొడి డబ్బాలు రెండూ పారబోసి, వాటిలో పప్పులు పోసుకుంది. ఫోన్ ఇంకా కొనలేదు, నీ ఉత్తరాలు అలవాటయ్యాయి. బాపు చెప్పింది విని డాక్టరమ్మ ఆయనకూ మందు రాసింది.

ఇవాళ ఇక్కడ ఎండ బాగా కాసింది. బాపు అమ్మ చేత కొత్త లుంగీ కొనిపించి, మోకాళ్ల పైకి ఎగ్గట్టి, వాకిట్లో నడి గల్లీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లు చూసి ఆగుతున్నారు. అడిగినవాడికి చెప్తున్నాడు. అడగకుండా పోతున్నవాణ్ని పిలిచి మరీ చెప్తున్నాడు.

నీ మరిది
వరప్రసాద్